పసుపు చేప ముందు మా అన్నయ్య అన్న మాట

కోనసీమలో ఆఫ్రికా చేపల్ని పెంచిన మొదటి మనిషిని నేనే. ఇలా మొదలుపెడితే బావుంటుంది గాని, నిజం కాదు. అమలాపురంలో ఒక పళ్ళ డాక్టరుగారు నాకన్నా రెండేళ్ళ ముందే పెంచారు. ఆయన దగ్గరికి పన్ను పీకించుకోడానికి వెళ్ళి, గాజుతొట్టిలో ఆ చేపల్ని చూస్తూ నొప్పి మరిచిపోయానని అందరికీ చెప్పేవాణ్ణి. అదీ నిజం కాదు. నోట్లో దూది పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూ చూసినా రంగులు రంగులే కదా. నిమ్మపండు రంగుది ఒకటి, నీలం మీద నల్లచారలది ఒకటి, తుప్పు పట్టిన ఇనుము రంగుది ఒకటి. వాపు తగ్గేలోపల తొట్టి కట్టాలని నిశ్చయించుకున్నాను.

నాకు కొత్తపేటలో పటాలు కట్టే కొట్టు ఉండేది. దేవుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, పోయినవాళ్ళకీ చెక్కచట్రం, అద్దం బిగించి ఇవ్వడం నా పని. గాజు కోయడం చేతిలో ఉన్న విద్య కాబట్టి తొట్టి నేనే కట్టుకున్నాను. ఆరడుగుల తొట్టి అని ఊళ్ళో చెప్పాను. నాలుగడుగులే. అద్దాల అంచులకి పట్టించిన జిగురు సరిగ్గా ఆరకముందే నీళ్ళు పోస్తే మొదటిసారి వసారా అంతా చెరువైపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చేపలు విమానంలో వచ్చాయని చెప్పాను. మద్రాసు నుంచి రాజమండ్రిలో ఒక కొట్టుకి వచ్చాయి, అక్కణ్ణుంచి ప్లాస్టిక్ సంచిలో, నా ఒళ్ళో, బస్సులో వచ్చాయి. ఆత్రేయపురంలో ఎక్కిన ఒకావిడ పూతరేకుల పెట్టెతో నా పక్కన కూర్చుంది. సంచి కొద్దిగా కారుతోంది. తన రేకులు తడిసి ముద్దయిపోతాయని రావులపాలెంలో దిగేదాకా నన్ను తిడుతూనే ఉంది. దిగేముందు మాత్రం సంచిలోకి వంగి చూసి, "ఇవి నిజంగా ఇదే రంగా అండి, అద్దకమా?" అని అడిగింది.

రాజమండ్రి కొట్టాయన రెండు సంగతులు చెప్పాడు. ఈ చేపలు పుట్టిన సరస్సు అంతా రాళ్ళమయం, దాక్కోడానికి వాటికి రాళ్ళ సందులు కావాలి. రెండోది, మన కాలవ నీళ్ళు వాటికి మరీ మెత్తన, కొంచెం సున్నపు గుణం ఉండాలి. సున్నానికి లోటు లేదు. సున్నం కాల్చేవాళ్ళ దగ్గర గుల్లలు గంపెడు అడిగి తెచ్చి కడిగి అడుగున పరిచాను. రాయి దగ్గరే వచ్చింది చిక్కు. మా నేలలో గునపం వేస్తే ఒండ్రు, ఇంకాస్త వేస్తే నీళ్ళు. చేతిలోకి రాయి తీసుకోవాలంటే గోదావరి దాటాలి. చివరికి తొంభయ్యారు తుపానుకి మా అన్నయ్య ఇంటిమీంచి లేచిపోయిన పెంకులు దొడ్లో గుట్టగా పడి ఉంటే, వాటిని విరగ్గొట్టి ఒకదానిమీద ఒకటి పేర్చి గుహలు కట్టాను. ఆ చేపలకి అదే ఆఫ్రికా.

మా అన్నయ్య నాకన్నా పదేళ్ళు పెద్ద. పలివెలలో ఒకే ప్రహరీలో పక్కపక్క ఇళ్ళు మావి. వరి, కొబ్బరి చూసుకునేవాడు. అతని గొంతు ముక్తేశ్వరం దాకా వినపడుతుందని నేను కొట్టుకొచ్చినవాళ్ళతో చెప్పేవాణ్ణి. అంత దూరం ఎవరి గొంతూ పోదు. కాని కాలవ ఈ గట్టున నిలబడి కేకేస్తే అవతలి చేలో పనివాడు పలుగు భుజాన వేసుకుని బయల్దేరేవాడు, అది నేను కళ్ళారా చూసిందే. నా చేపల్ని చూసి అన్నయ్య, "కూరకి పనికిరాని చేప చేపేట్రా? చెరువుల్లో పడి మన మేతంతా తినేసే తిలాపియాకి ఎవడో రంగేసినట్టుంది," అన్నాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత రాజమండ్రి కొట్టాయన్ని అడిగితే రెండూ ఒకే కుటుంబం అన్నాడు. అన్నయ్యకి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

తుపాను తర్వాత రెండో ఏడు అన్నయ్య చేలో పడిపోయాడు. పక్షవాతం. కాకినాడ ఆసుపత్రిలో ఇరవై రోజులున్నాక ఇంటికి తెచ్చాం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. చెప్పేది అర్థమయ్యేది, ఎడంచేత్తో గ్లాసు పట్టుకునేవాడు, నోట్లోంచి మాత్రం గాలే వచ్చేది. మాట రావచ్చు, రాకపోవచ్చు, మీరు మాట్లాడిస్తూనే ఉండండి అన్నారు డాక్టరుగారు. మా వదినగారు ఆ మాట పట్టుకుంది. పొద్దున్న లేచింది మొదలు అన్నయ్యతో మాట్లాడేది. ఆవుకి కుడితి పెట్టేనండి, వానొచ్చేలా ఉందండి, ఇవాళ గోంగూర చేస్తున్నానండి. కాళ్ళూ చేతులూ రాకపోయినా ఫరవాలేదు మరిదిగారూ, నన్నొక్కసారి పిలిస్తే చాలు అనేది నాతో. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆవిడ గడప దాటలేదు.

అన్నయ్య పొద్దస్తమానం గోడ చూస్తూ పడుకుని ఉంటున్నాడని తొట్టి తీసుకెళ్ళి వాళ్ళ సావిట్లో అతని మంచానికి ఎదురుగా పెట్టించాను. మొదట్లో చూడలేదు. పదిరోజులకి చూడడం మొదలుపెట్టాడు. నీలంది పసుపుదాన్ని తరిమితే అతని కళ్ళు వాటి వెంట తిరిగేవి. తిలాపియా అని వెక్కిరించిన మనిషి మేత వేసేవేళకి గ్లాసుతో మంచంపట్టె మీద కొట్టి గుర్తు చేసేవాడు.

ఆ చేపల్లో తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. మూడు వారాలు, ఇంచుమించు. అన్నాళ్ళూ నోరు తెరవదు, మేత ముట్టదు. పసుపు ఆడచేప ఆ ఏడు ఎండలు ముదిరేవేళకి అలా అయింది. దాని గొంతు కింద ఉబ్బు చూసి వదినగారు గవదలు కట్టాయనుకుంది. మందు ఉందా మరిదిగారూ, పట్టు ఏదైనా వేద్దామా అంది. నేను సంగతి చెప్పాక చాలాసేపు దాన్నే చూసింది. ఆ రోజునుంచి అన్నయ్యకి చెప్పే కబుర్లలో అదీ చేరింది. ఇవాళ కూడా తిన్లేదండి అది, చూసేరా, ఎంత చిక్కిపోయిందో.

మా బంధువులింట్లో పెళ్ళికి పసుపు కొడుతున్నారు. ముత్తయిదువలందరూ వెళ్ళాలి. వదినగారు రానంది. రెండు గంటల్లో వచ్చేద్దురుగాని, అన్నయ్య దగ్గర నేనుంటాను, మీరు లేకపోతే చేపలు ఏడవ్వు అని పోరుపెట్టి మా ఆవిణ్ణి తోడిచ్చి పంపింది నేనే. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ నలగని చీర కట్టుకోవడం అదే.

వాళ్ళు వెళ్ళిన గంటకి పసుపుచేప పెంకుల సందులోంచి బయటికి వచ్చి నోరు తెరిచింది. జీలకర్ర గింజలంతేసి పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చి దాని ముఖం ముందే గుంపుగా నిలబడ్డాయి. అరవై అని తర్వాత చెప్పాను. పద్నాలుగు. నేను వీపుకి దిండ్లు ఆనించి అన్నయ్యని కూర్చోబెట్టాను. అతను చూశాడు. ఎడం చెయ్యి ముందుకి చాచాడు. ఆ కదలికకి బెదిరి తల్లి నోరు తెరిచింది, పిల్లలన్నీ లోపలికి వెళ్ళిపోయాయి, తొట్టిలో ఏమీ జరగనట్టు అయిపోయింది. అప్పుడు అన్నయ్య నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. "ప్హ" అన్నట్టు. వెంటనే దగ్గు వచ్చింది. కఫం కక్కాడు. తుడిచాను. జరిగింది ఇంతే. దీనికి ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

వదినగారు చేతుల పసుపు కడుక్కోకుండానే తిరిగొచ్చింది. చెప్పులు విడిచి పరుగులాంటి నడకతో సావిట్లోకి వచ్చింది. వెళ్ళి తప్పు చేశాననుకుంటున్న ముఖం. ఏమైనా ఇబ్బంది పడ్డారా అండి అని నన్నడిగింది. ఆ ముఖం చూసి ఏదో ఒక మంచి కబురు చెప్పాలనిపించింది. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు ఎటూ లేదు.

"వదినగారూ, అన్నయ్య మాట్లాడేడండి. చేప నోట్లోంచి వచ్చినవాటిని చూసి 'పిల్లలు' అన్నాడు."

ఆవిడ గబగబా వెళ్ళి అన్నయ్య మంచం పక్కన నేలమీద కూర్చుంది. పసుపు చేతులు చీరకి అంటుకున్నా చూసుకోలేదు.

సాయంత్రానికి వచ్చినవాళ్ళకి చెప్పేటప్పుడు ఆ మాట "పిల్లల్ని చూడరా" అయింది. మర్నాడు కొట్లో "ఒరే, తల్లి నోట్లో పిల్లలున్నాయి చూడరా" అయింది. జనం వచ్చారు. మాట తెప్పించిన చేప అని దాన్ని చూడ్డానికి వానపల్లి నుంచి కూడా వచ్చారు. నా చేత నాలుగు తొట్టెలు కట్టించుకున్నారు. ఆ నాలుగూ నేను కడుతున్నప్పుడు నాకు సంతోషంగానే ఉంది, అదీ రాయాలి. మా ఆవిడ ఒక్కతే నన్ను వంటింట్లో నిలదీసింది. "బావగారన్నారా, మీరన్నారా?" అంది. అన్నయ్యే అన్నాడు అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. నమ్మి కాదు.

వదినగారు ఇక అన్నయ్యని వదిలి ఎటూ పోలేదు. తొట్టి దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించేది. అవేంటండి? పిల్లలండి. పి... అనండి. అన్నయ్య ఆవిడ వేలు చూసేవాడు, ఆవిడ ముఖం చూసేవాడు. కళ్ళనిండా నీళ్ళు వచ్చేవి. గాలే వచ్చేది. పిల్లలు పెద్దవయ్యాయి. తల్లి మేత తినడం మొదలుపెట్టింది. వదినగారు అడగడం మానలేదు. అతనికిష్టమని పనసపొట్టు కూర, పులస దొరికిన రోజు పులస. నేను లేనప్పుడు మాట్లాడతాడేమో, ఉంటే మాట్లాడతాడేమో అని నన్ను కాసేపు వెళ్ళిపొమ్మనేది, కాసేపు పిలిచి కూర్చోమనేది. నా ముందైతే పలుకుతాడని ఒకసారి తను తలుపు చాటున నిలబడింది. చీర అంచు నాకు కనపడుతూనే ఉంది. నేను అన్నయ్యతో ఏవేవో మాట్లాడాను. అతను తొట్టికేసి చూస్తూ ఉన్నాడు. అంత పొడుగు అరగంట నా జన్మలో లేదు.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం నేను తొట్టిలో నీళ్ళు మారుస్తుంటే ఆవిడ చెంబు అందిస్తూ అంది:

"మీకు గుర్తుందా మరిదిగారూ, ఆవునమ్మేసిన ఏడాది?"

"ఆయ్, ఎందుకు గుర్తులేదండి."

"పదకొండు నెలలు ఆయనతో నేను మాట్లాడలేదు. ఎదురుగా పెట్టుకుని మీతో చెప్పించేదాన్ని. ఇప్పుడాయన వంతండి. మీతో పలికేరు, నాతో పలకరు."

ఆ ఏడాది ఎలా మరిచిపోతాను. అన్నయ్యకి పెళ్ళయి నాలుగేళ్ళయింది. రాజోలు పక్కనున్న పుట్టింటి నుంచి వదినగారు తోలుకొచ్చుకున్న కపిల ఆవుని అన్నయ్య ఒక మాటైనా అడక్కుండా సంతలో అమ్మేసి వచ్చాడు. ఆవిడ మాట మానేసింది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. అన్నయ్య పీటమీద కూర్చుని ఉండగానే నావైపు తిరిగి, మరిదిగారూ, చారు పొయ్యిమీదుంది, మీ అన్నగారిని పోసుకోమనండి అనేది. అన్నయ్య చారు గిన్నెకేసి చూస్తూ, పోసుకున్నానని చెప్పరా అనేవాడు. నేను ఊరుకునేవాణ్ణి కాదు. వదిన ప్రేమతో చారు కాచిందట అని అటు చెప్పేవాణ్ణి, చారు అమృతంలా ఉందట అని ఇటు చెప్పేవాణ్ణి. ఊళ్ళో అందరూ మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. పదకొండో నెలలో దొడ్లో తాచుపాము కనపడి ఆవిడ "ఏమండోయ్" అని అరిచింది. దాంతో అయిపోయింది. నేను ఆ కథని పెళ్ళిళ్ళలో ఎన్నోసార్లు చెప్పి నవ్వించాను. ఆవిడ లోపల అది అయిపోలేదని నాకు ఆ మధ్యాహ్నందాకా తెలీదు.

చెప్పెయ్యాల్సింది అప్పుడే. చేతిలో చెంబు ఉంది, ఆవిడ ఎదురుగా ఉంది, సావిట్లో మేం ముగ్గురమే ఉన్నాం. ఆయన నాతోనూ పలకలేదండి వదినగారూ అంటే సరిపోయేది. చేపకథ అబద్ధమని ఊరందరికీ తెలుస్తుందని భయపడ్డానా? కావచ్చు. అంతకన్నా, అన్నయ్య ముందు ఒప్పుకోవాలంటే సిగ్గేసింది. అతను అన్నీ వింటున్నాడు. తాను అనని మాటని తన పేర ఊరంతా చాటుతున్నానని అతనికి మొదటిరోజునుంచీ తెలుసు. కాదని చెప్పడానికి అతనికి నోరు లేదు.

"ఎప్పటి సంగతో అండి అది. ఇవాళో రేపో మీతోనూ పలుకుతాడు చూడండి," అన్నాను.

ఆవిడ అన్నయ్య కాళ్ళ దగ్గర కూర్చుని మెల్లిగా చెప్పుకుపోయింది. ఆ ఆవు ముఖం తలుచుకుని ఒళ్ళు మండిందండి, చిన్నదాన్ని, పొగరు, తప్పే, ఇన్నేళ్ళ తర్వాతా అండి? అన్నయ్య ఎడంచెయ్యి తెచ్చి ఆవిడ తలమీద పెట్టాడు. అది చాలదా ఎవరికైనా? ఆవిడకి చాల్లేదు. మాట్లాడగలిగిన మనిషి చేత్తో సరిపెడుతున్నాడనుకుంది. అలా అనుకునేలా చేసింది నేను.

అన్నయ్య ఆ శ్రావణంలో పోయాడు. రెండోసారి వచ్చింది పక్షవాతం. ఆఖరి గంటలో వదినగారు అతని నోటికి చెవి ఆనించి వంగే ఉంది. మేం లేవదీయబోతే చెయ్యి విదిలించింది. ఏం వినపడిందో, ఏం వినపడలేదో, లేచినప్పుడు ఆవిడ ముఖం చూసినవాళ్ళెవరూ అడగలేదు.

పన్నెండోరోజు అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, నేను సావిట్లోకి వెళ్ళాను. ఆవిడ చేపలకి మేత వేస్తోంది. కూర్చోండి వదినగారూ, ఒకటి చెప్పాలన్నాను. చెప్పాను. ప్హ అన్నాడని, దగ్గాడని, కఫం తుడిచానని, మీ ముఖం చూసి నేనే కల్పించానని, అన్నయ్య ఎవరితోనూ ఒక్క మాటా అనలేదని. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మధ్యలో నా గొంతే నాకు కొత్తగా వినపడింది.

ఆవిడ డబ్బా మూత పెట్టింది.

"నా బాధ చూళ్ళేక చెప్తున్నారు మీరు. మీరెప్పుడూ ఇంతే. అప్పుడు చారు సంగతీ ఇలాగే చెప్పేవారు."

అన్నయ్యమీద ఒట్టు అన్నాను. దేవుడి గుడికొచ్చి చెప్పమంటే చెప్తానన్నాను.

"ఒట్లు పెట్టుకోకండి మరిదిగారూ. ఆయన ఒక్క మాటన్నారు. నాతో కాకపోతే మానె. నాకు శిక్ష పడింది, పడాల్సిందే. కాని ఆయన మూగవారై పోలేదు కదండి. ఆ ఒక్క మాటా లేదనకండి నాతో."

నలభై ఏళ్ళు అబద్ధాలు నమ్మించినవాణ్ణి, ఒక్క నిజం నమ్మించలేకపోయాను. మా ఆవిడ చేత చెప్పిద్దామనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. బావగారి నోట ఆఖరి మాట అదేనని అక్కయ్య పట్టుకుని ఉంది, దాన్ని లాక్కుని ఏమిస్తారు అంది.

వదినగారు ఆ తర్వాత ఏడేళ్ళు బతికింది. చేపల్ని చూసుకున్నది ఆవిడే. ఎండల్లో కాలవలు కట్టేసినప్పుడు బోరునీళ్ళు మోయించి పోసేది, ఉప్పుగా ఉన్నా ఆ చేపలకి అవే బావుండేవి. పసుపుచేప పోయింది, దాని పిల్లలు పెద్దవై వాటి పిల్లలు వచ్చాయి. చుట్టాలొచ్చి తొట్టి ముందు నిలబడితే ఆవిడే చెప్పేది. మా వారు దీని తల్లిని చూసి 'పిల్లలు' అన్నారండి, మా మరిదిగారు విన్నారు అనేది. అని నావైపు చూసేది.

ఒకసారి అలవాటు చొప్పున నేను దానికి ఏదో తోక తగిలించబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "అంతేనండి ఆయనన్నది. పెంచకండి," అంది.

అప్పట్నుంచి పెంచలేదు. ఎవరొచ్చినా, ఎన్నిసార్లు ఆవిడ నావైపు చూసినా, తల వంచుకుని ఆయ్, అన్నాడండి అని ఊరుకున్నాను.